అవయవ మార్పిడి గ్రహీతలలో శ్వాసకోశ వైరస్ వ్యాధులు

మూత్రపిండం, కాలేయం, గుండె, ఊపిరితిత్తులు వంటి అవయవాలలో ఏదైనా బాగుచేయలేనంతగా చెడిపోయినపుడు, మరొకరి నుండి సేకరించిన అవయవాన్ని శస్త్రచికిత్స ద్వారా అమర్చడాన్ని అవయవ మార్పిడి అంటారు. అవయవాన్ని ఇచ్చిన వ్యక్తిని దాత అనీ, స్వీకరించిన వ్యక్తిని గ్రహీత అనీ అంటారు. ముక్కు, గొంతు, శ్వాసనాళం, ఊపిరితిత్తులకు సోకే వైరస్‌ల వలన కలిగే జబ్బులను శ్వాసకోశ వైరస్ వ్యాధులు అంటారు. సాధారణ జలుబు, ఫ్లూ, కోవిడ్-19 ఈ కోవకు చెందినవే.

ఆరోగ్యవంతునికి జలుబు చేస్తే మందు వేసుకున్నా, వేసుకోకపోయినా ఇంచుమించు వారం రోజులలో తగ్గిపోతుంది. అదే వైరస్ అవయవ మార్పిడి గ్రహీతకు సోకినపుడు ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియాగా (నెమ్ము) మారే అవకాశం ఎక్కువ. వ్యాధి వారాల తరబడి వదలకపోవచ్చును. ఎంతో శ్రమతో సంపాదించుకున్న అవయవమే దెబ్బతినవచ్చును. ఇందుకు ముఖ్య కారణం, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఉండేందుకు గ్రహీతలు జీవితాంతం వాడవలసిన మందులు. ఆ మందులు అవయవాన్ని కాపాడుతాయి. కానీ వైరస్‌లతో పోరాడే శక్తిని తగ్గిస్తాయి. ఈ చిక్కుముడిని అర్థం చేసుకోవడం గ్రహీతలకే కాక, వారి ఇంటిల్లిపాదికీ అవసరం.

చరిత్ర

అవయవ మార్పిడి చరిత్రలో మొదటి నుండీ రెండు అడ్డంకులు కనిపిస్తాయి. ఒకటి శరీరం చేసే తిరస్కరణ, రెండవది అంటువ్యాధి. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం ఒక యువకుని మూత్రపిండాన్ని అతని కవల సోదరునికి విజయవంతంగా అమర్చింది. వారిద్దరూ ఒకే అండం నుండి పుట్టిన కవలలు కావడం వలన తిరస్కరణ సమస్య రాలేదు. మందుల అవసరమూ కలగలేదు. గ్రహీత ఆ తరువాత 8 సంవత్సరాలు జీవించాడు. ఈ కృషికి ముర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది.

కవలలు కానివారి మధ్య మార్పిడి చేయాలంటే గ్రహీత నిరోధకశక్తిని అణచక తప్పదు. అందువలన ఎదురయ్యే ముప్పు 1967లోనే ప్రపంచానికి తెలిసివచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ మొట్టమొదటి మానవ గుండె మార్పిడి చేశాడు. గ్రహీత లూయీ వాష్కాన్‌స్కీ 18 రోజులు మాత్రమే బ్రతికాడు. కొత్త గుండె బాగానే పనిచేస్తూ ఉండగా అతడు న్యుమోనియాతో మరణించాడు. అది వైరస్ వలన వచ్చినది కాదు, బాక్టీరియా వలన వచ్చినది. అయినప్పటికీ నిరోధకశక్తిని అణచినపుడు ఊపిరితిత్తులు ఎంత నిస్సహాయంగా ఉంటాయో ఆ సంఘటన వైద్యులకు నేర్పింది. మరుసటి ఏడాది ప్రపంచమంతటా సుమారు 100 గుండె మార్పిడులు జరిగినా, గ్రహీతలలో చాలామంది కొద్దికాలంలోనే చనిపోవడంతో అనేక కేంద్రాలు ఆ శస్త్రచికిత్సను నిలిపివేశాయి.

ఒక శిలీంధ్రం నుండి లభించిన సైక్లోస్పోరిన్ అనే మందుకు 1983లో అమెరికాలో అనుమతి లభించిన తరువాత పరిస్థితి మారింది. జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి 1984లో కనుగొన్న టాక్రోలిమస్ 1994లో అమెరికాలో అనుమతి పొందింది. వీటి రాకతో తిరస్కరణ చాలావరకు అదుపులోనికి వచ్చింది. అంటువ్యాధుల సమస్య మాత్రం మిగిలే ఉన్నది.

నిరోధకశక్తిని ఎందుకు అణచాలి?

మన శరీరంలోని తెల్ల రక్తకణాలు తమ ఇంటివారెవరో, పరాయివారెవరో గుర్తుపట్టగలవు. ప్రతి కణం ఉపరితలం మీద కొన్ని మాంసకృత్తులు గుర్తింపు చీటీల వలె అమరి ఉంటాయి. ఈ చీటీలు మనిషికీ మనిషికీ వేరుగా ఉంటాయి. పరాయి అవయవం లోనికి రాగానే తెల్ల రక్తకణాలలో ఒక రకమైన టీ-కణాలు దానిని గుర్తుపట్టి దాడి చేస్తాయి. దీనినే తిరస్కరణ అంటారు.

వైరస్ సోకినపుడు జరిగే పోరాటంలోనూ ఈ టీ-కణాలదే పెద్ద పాత్ర. వైరస్ బాక్టీరియా వలె కణం బయట ఉండి పెరగదు. కణంలోపల దూరి, ఆ కణం చేతనే తన నకళ్ళను తయారు చేయించుకుంటుంది. అటువంటి కణాలను వెదకి చంపే పని టీ-కణాలది. బీ-కణాలు ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసి, బయట తిరుగుతున్న వైరస్‌లను పట్టుకుంటాయి. అంటే, తిరస్కరణ చేసే సైన్యమూ, వైరస్‌ను ఎదుర్కొనే సైన్యమూ ఒక్కటే. ఒకదానిని ఆపి మరొకదానిని పూర్తిగా వదిలివేయగల మందు ఇంతవరకు వాడుకలోనికి రాలేదు.

సాధారణంగా గ్రహీతలు మూడు రకాల మందులను కలిపి వాడతారు.

* టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్: ఇవి టీ-కణాలు పరస్పరం పంపుకొనే హెచ్చరిక సంకేతాన్ని అడ్డుకుంటాయి. అందువలన టీ-కణాల సంఖ్య పెరగదు.
* మైకోఫినోలేట్ లేదా అజథయోప్రిన్: టీ-కణాలు, బీ-కణాలు విభజన చెందడానికి కావలసిన ముడిసరుకును అందకుండా చేస్తాయి. అందువలన ప్రతిరక్షకాల తయారీ కూడా తగ్గుతుంది.
* ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు: వాపును, జ్వరాన్ని, నిరోధక వ్యవస్థ పనిని మొత్తంగా తగ్గిస్తాయి.

మార్పిడి జరిగిన తొలి రోజులలోనూ, మధ్యలో తిరస్కరణ తలెత్తినపుడూ ఇంతకంటె తీవ్రమైన మందులను ఇస్తారు. టీ-కణాలను నాశనం చేసే ప్రతిరక్షకాలు అందులో ముఖ్యమైనవి. ఇటువంటి చికిత్స తరువాత కొన్ని నెలల పాటు వైరస్ వ్యాధుల ప్రమాదం అధికంగా ఉంటుంది.

వ్యాధి కలిగించే వైరస్‌లు

గ్రహీతలకు సోకే శ్వాసకోశ వైరస్‌లు ప్రత్యేకమైనవేమీ కావు. బడిపిల్లల నుండి, బస్సులో పక్కన కూర్చున్న వారి నుండి అందరికీ అంటుకునేవే. వాటిలో ముఖ్యమైనవి:

* ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ): ఏ, బీ రకాలు మనుషులలో ఎక్కువగా వ్యాధిని కలిగిస్తాయి. ప్రతి సంవత్సరం రూపం కొంత మార్చుకుంటుంది. టీకా, మందు రెండూ ఉన్నాయి.
* శ్వాసకోశ సిన్సీషియల్ వైరస్ (ఆర్‌ఎస్‌వీ): పసిపిల్లలలోనూ, వృద్ధులలోనూ తీవ్రంగా ఉంటుంది. ఊపిరితిత్తుల మార్పిడి గ్రహీతలకు చాలా ప్రమాదకరం.
* పారాఇన్‌ఫ్లుయెంజా: నాలుగు రకాలున్నాయి. మార్పిడి గ్రహీతలలో మూడవ రకం ఎక్కువగా కనిపిస్తుంది.
* మెటాన్యుమో వైరస్: నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లో గుర్తించారు. లక్షణాలు ఆర్‌ఎస్‌వీని పోలి ఉంటాయి.
* రైనో వైరస్: సాధారణ జలుబుకు ప్రధాన కారణం. దీనిలో 150కి పైగా ఉపరకాలున్నాయి. అందుకే జలుబుకు టీకా తయారు కాలేదు.
* కరోనా వైరస్‌లు: వీటిలో నాలుగు రకాలు చాలాకాలంగా జలుబును కలిగిస్తున్నాయి. 2019లో బయటపడిన సార్స్-కోవ్-2 కోవిడ్-19కు కారణం.
* అడినో వైరస్: పై వాటివలె కాక, ఇది ఒకసారి సోకిన తరువాత శరీరంలో చాలాకాలం దాగి ఉండగలదు. శ్వాసకోశానికే పరిమితం కాకుండా మార్పిడి చేసిన అవయవానికి కూడా పాకవచ్చును. మూత్రపిండ గ్రహీతలలో మూత్రంలో రక్తం పడడం, కాలేయ గ్రహీతలలో కాలేయపు వాపు ఇందుకు ఉదాహరణలు.

సైటోమెగలో వైరస్ కూడా గ్రహీతలలో న్యుమోనియాను కలిగించగలదు. అయితే అది సాధారణంగా శరీరంలో ముందే దాగి ఉండి, లేదా దాత అవయవంతో వచ్చి, నిరోధకశక్తి తగ్గినపుడు విజృంభిస్తుంది. కనుక దానిని శ్వాసకోశ వైరస్‌ల జాబితాలో చేర్చరు.

గ్రహీతలలో వ్యాధి తీరు

ఆరోగ్యవంతులలో కనిపించే వ్యాధికీ, గ్రహీతలలో కనిపించే వ్యాధికీ కొన్ని ముఖ్యమైన తేడాలున్నాయి.

మొదటిది, లక్షణాలు మరుగున పడడం. జ్వరం, ఒళ్ళు నొప్పులు మొదలైనవి చాలావరకు వైరస్ వలన నేరుగా వచ్చేవి కావు. వైరస్‌తో నిరోధక వ్యవస్థ చేసే పోరాటం వలన వచ్చేవి. ఆ వ్యవస్థనే అణచినపుడు జ్వరం రాకపోవచ్చును. ఫ్లూ సోకిన గ్రహీతకు కొద్దిపాటి దగ్గు, నీరసం, ఆకలి మందగించడం మాత్రమే కనిపించవచ్చును. "జ్వరం లేదు కదా" అని ఊరుకోవడం వలన చికిత్సకు అనువైన తొలి రోజులు గడిచిపోతాయి.

రెండవది, వ్యాధి కిందికి దిగడం. ముక్కు, గొంతులలో ఆగిపోవలసిన వైరస్ శ్వాసనాళికలలోనికి, అక్కడి నుండి వాయుకోశాలలోనికి చేరుతుంది. అప్పుడు ఆయాసం మొదలై, రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది.

మూడవది, వైరస్ ఎక్కువకాలం నిలిచి ఉండడం. మామూలు మనిషి ఫ్లూ వైరస్‌ను ఇంచుమించు వారం రోజుల పాటు బయటకు వెలువరిస్తాడు. గ్రహీతలలో ఇది వారాల పాటు, ఒక్కొక్కసారి నెలల పాటు సాగుతుంది. ఇంతకాలం వైరస్ పెరుగుతూ ఉండడం వలన దానిలో మార్పులు చోటుచేసుకుని, మందుకు లొంగని రూపాలు పుట్టే అవకాశం ఉన్నది. ఇతరులకు అంటించే కాలం కూడా పెరుగుతుంది.

నాలుగవది, వెనువెంట వచ్చే ఇతర వ్యాధులు. వైరస్ శ్వాసనాళపు లోపలి పొరను దెబ్బతీసిన తరువాత న్యుమోకాకస్, స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాలకు, యాస్పర్‌జిల్లస్ వంటి బూజు జాతులకు దారి ఏర్పడుతుంది. జలుబు తగ్గుముఖం పట్టి, మళ్ళీ జ్వరంతో, పసుపుపచ్చని కఫంతో తిరగబెట్టడం ఇందుకు సూచన. 2021లో భారతదేశంలో కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో మ్యూకర్‌మైకోసిస్ అనే బూజు వ్యాధి పెద్ద సంఖ్యలో కనిపించింది. మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం దానికి ముఖ్య కారణాలు. మార్పిడి గ్రహీతలలో చాలామందికి ఈ రెండూ ఉంటాయి.

ఏ అవయవానికి ఎంత ప్రమాదం?

అన్ని రకాల గ్రహీతలలోనూ ఊపిరితిత్తులు పొందినవారికి ముప్పు అత్యధికం. ఇందుకు కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. మూత్రపిండం గాని, కాలేయం గాని శరీరం లోపల భద్రంగా ఉంటుంది. ఊపిరితిత్తి ప్రతి శ్వాసతోనూ బయటి గాలిని తాకుతూ ఉంటుంది. పైగా మార్పిడిలో నాడులు తెగిపోవడం వలన కొత్త ఊపిరితిత్తిలో దగ్గు పుట్టించే స్పందన మందగిస్తుంది. శ్వాసనాళాల లోపలి సన్నని కేశాలు కఫాన్ని పైకి నెట్టే పని కూడా తగ్గుతుంది. వీరికి ఇచ్చే మందుల మోతాదు కూడా ఇతర గ్రహీతలకంటె ఎక్కువ.

ఊపిరితిత్తుల గ్రహీతలలో వైరస్ తగ్గిపోయినా కథ ముగియదు. కొన్ని నెలల తరువాత సన్నని శ్వాసనాళికలు మచ్చకట్టి, ఇరుకై, శాశ్వతంగా మూసుకుపోవచ్చును. దీనిని దీర్ఘకాలిక తిరస్కరణగా పరిగణిస్తారు. ఊపిరితిత్తుల మార్పిడి తరువాత దీర్ఘకాలంలో మరణాలకు ఇదే ప్రధాన కారణం. శ్వాసకోశ వైరస్ సోకినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తున్నదని పలు అధ్యయనాలు తెలిపాయి. వైరస్‌తో పోరాడటానికి మేల్కొన్న నిరోధక వ్యవస్థ అదే ఊపులో అవయవం మీద కూడా దాడి చేయడం దీనికి కారణం కావచ్చునని భావిస్తున్నారు. అందువలన ఈ గ్రహీతలు ఊదుడు పరికరంతో ఇంటివద్దనే శ్వాస సామర్థ్యాన్ని కొలుచుకుంటూ ఉంటారు. ఒక సెకనులో ఊదగలిగిన గాలి పరిమాణం మామూలుకంటె 10 శాతం తగ్గినా వెంటనే వైద్యునికి తెలియజేయాలి.

గుండె, కాలేయం, మూత్రపిండం పొందినవారిలో ప్రమాదం ఇంతకంటె తక్కువ. అయితే వయస్సు పైబడినవారికి, మధుమేహం ఉన్నవారికి, మార్పిడి జరిగి మూడు నెలలు నిండనివారికి, ఇటీవల తిరస్కరణకు చికిత్స పొందినవారికి, రక్తంలో లింఫోసైట్లు బాగా తగ్గినవారికి వ్యాధి తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలైన గ్రహీతలకు ఈ వైరస్‌లలో చాలావాటితో అంతకుముందు పరిచయమే ఉండదు కనుక వారికి కూడా ముప్పు హెచ్చు.

దాత నుండి సంక్రమించడం

అరుదుగా వైరస్ దాత నుండే రావచ్చును. ఇది ముఖ్యంగా ఊపిరితిత్తుల మార్పిడిలో జరుగుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగి, 2021లో ప్రచురితమైన ఒక ఉదంతంలో, దాత ముక్కు-గొంతు నుండి తీసిన నమూనాలో కోవిడ్ వైరస్ కనబడలేదు. కానీ మార్పిడి తరువాత గ్రహీత జబ్బుపడింది. దాత ఊపిరితిత్తుల లోపలి నుండి తీసి ఉంచిన ద్రవాన్ని పరీక్షిస్తే అందులో వైరస్ ఉన్నట్లు తేలింది. శస్త్రచికిత్సలో పాల్గొన్న వైద్యునికి కూడా వ్యాధి సోకింది. గ్రహీత మరణించింది. ఊపిరితిత్తుల దాతలకు పై నమూనాతో పాటు లోపలి నమూనాను కూడా పరీక్షించాలనే నియమం బలపడడానికి ఇటువంటి అనుభవాలు కారణమైనాయి.

రోగనిర్ధారణ

లక్షణాలను బట్టి ఏ వైరస్ సోకిందో చెప్పడం సాధ్యం కాదు. ముక్కు, గొంతు వెనుక భాగం నుండి దూదిపుల్లతో తీసిన నమూనాను ఆర్‌టీ-పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తారు. ఒకే నమూనాలో అనేక వైరస్‌లను వెదకగల పరీక్షలు ఇపుడు అందుబాటులో ఉన్నాయి. నిమిషాలలో ఫలితాన్నిచ్చే యాంటిజెన్ పరీక్షలు వైరస్ తక్కువగా ఉన్నపుడు పట్టుకోలేకపోవచ్చును. కనుక ఆ ఫలితం "లేదు" అని వచ్చినంత మాత్రాన గ్రహీతలలో వ్యాధి లేదని నిశ్చయించరు.

ఆయాసం ఉన్నపుడు ఛాతీ సీటీ స్కాన్ తీస్తారు. అవసరమైతే శ్వాసనాళంలోనికి సన్నని గొట్టం పంపి, ఊపిరితిత్తి లోపలి భాగాన్ని సెలైన్ ద్రవంతో కడిగి, ఆ ద్రవాన్ని పరీక్షిస్తారు. వైరస్‌తో పాటు క్షయ, బూజు, బాక్టీరియా వంటివి ఉన్నాయేమో అప్పుడే చూస్తారు. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఇది చాలా ముఖ్యం. ఊపిరితిత్తుల గ్రహీతలలో తిరస్కరణకూ, వైరస్ వ్యాధికీ లక్షణాలు ఒకే రీతిలో ఉంటాయి. ఒకదానికి మందు పెంచాలి, మరొకదానికి తగ్గించాలి. కనుక ఊహ మీద చికిత్స చేయడం ప్రమాదకరం.

చికిత్స

చికిత్సలో మూడు భాగాలున్నాయి: వైరస్‌ను అణచే మందు, శ్వాసకు ఊతం, నిరోధకశక్తిని అణచే మందుల సవరణ.

ఫ్లూకు ఒసెల్టామివిర్ ప్రధానమైన మందు. లక్షణాలు కనిపించిన 48 గంటలలోపు మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. గ్రహీతలలో ఆ గడువు దాటినా ఇస్తారు. పరీక్ష ఫలితం కోసం వేచి ఉండకుండా అనుమానం మీదనే మొదలుపెట్టడం కూడా ఉన్నది. మూత్రపిండాల పనితీరును బట్టి దీని మోతాదును తగ్గించవలసి ఉంటుంది. ఆర్‌ఎస్‌వీ సోకిన ఊపిరితిత్తుల గ్రహీతలకు కొన్ని కేంద్రాలలో రిబావిరిన్ ఇస్తారు. తీవ్రమైన అడినో వైరస్ వ్యాధికి సిడోఫోవిర్ వాడతారు గాని, అది మూత్రపిండాలకు హాని చేయగలదు. రైనో వైరస్, పారాఇన్‌ఫ్లుయెంజా, మెటాన్యుమో వైరస్‌లకు నిర్దిష్టమైన మందు లేదు.

కోవిడ్‌కు రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ వాడవచ్చును. నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ జంట మాత్రల విషయంలో మాత్రం అత్యంత జాగ్రత్త అవసరం. ఇందులోని రిటోనావిర్, కాలేయంలో టాక్రోలిమస్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. దానితో రక్తంలో టాక్రోలిమస్ అనేక రెట్లు పెరిగి మూత్రపిండాలను, నాడీవ్యవస్థను దెబ్బతీయగలదు. అందువలన మార్పిడి వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఈ మాత్రలు వేసుకోరాదు.

మందుల దుకాణంలో తేలికగా దొరికే మందులతోనూ ఇటువంటి ప్రమాదాలున్నాయి. దగ్గు, గొంతు నొప్పులకు వాడే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు టాక్రోలిమస్ మోతాదును పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దానిని తగ్గించి తిరస్కరణకు దారితీస్తుంది. ఒళ్ళు నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు టాక్రోలిమస్‌తో కలిసి మూత్రపిండానికి చేటు చేస్తాయి. జ్వరానికి సాధారణంగా పారాసిటమాల్‌ను సూచిస్తారు.

నిరోధకశక్తిని అణచే మందులను సవరించడం అన్నింటికంటె కష్టమైన నిర్ణయం. తగ్గిస్తే తిరస్కరణ భయం, తగ్గించకపోతే వైరస్ భయం. వైద్యుని పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లుగా ఉంటుంది. సాధారణంగా తేలికపాటి జలుబులో మందులను మార్చరు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకినపుడు ముందుగా మైకోఫినోలేట్‌ను తగ్గించడమో, కొద్దిరోజులు ఆపడమో చేస్తారు. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపరు. ఏళ్ళ తరబడి వాడినవారిలో శరీరం స్వంతంగా ఆ హార్మోనును తయారు చేసుకోవడం మానివేస్తుంది కనుక, ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం కలుగవచ్చును. గ్రహీతలు తమంతట తాము ఏ మందునూ మానరాదు.

మహమ్మారులు నేర్పిన పాఠాలు

2009లో హెచ్1ఎన్1 ఫ్లూ (స్వైన్ ఫ్లూ) ప్రపంచమంతటా వ్యాపించింది. 26 మార్పిడి కేంద్రాలలో ఆ వ్యాధి సోకిన 237 మంది గ్రహీతల వివరాలు 2010లో ప్రచురితమైనాయి. వారిలో 71 శాతం మంది ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఇంచుమించు మూడింట ఒక వంతు మందికి న్యుమోనియా వచ్చింది. 16 శాతం మందికి తీవ్ర చికిత్సా విభాగం అవసరమైంది. 4 శాతం మంది మరణించారు. లక్షణాలు కనిపించిన 48 గంటలలోపు మందు మొదలుపెట్టినవారిలో తీవ్ర చికిత్స అవసరమైనవారు 8 శాతం. ఆలస్యమైనవారిలో 22 శాతం. ఆలస్యం ఎంత ఖరీదైనదో ఈ అంకెలు చెబుతున్నాయి.

2020లో కోవిడ్ తొలి విజృంభణలో, టీకాలు లేని రోజులలో, ఆసుపత్రిలో చేరిన అవయవ గ్రహీతలలో ఇంచుమించు 20 శాతం మంది 28 రోజులలోపు చనిపోయారని అమెరికా కేంద్రంగా జరిగిన ఒక పెద్ద పరిశీలన తెలిపింది. అయితే మరణాలకు మార్పిడి మందుల తీవ్రతకంటె వయస్సు, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, స్థూలకాయం వంటివే ఎక్కువ కారణమని అదే పరిశీలనలో తేలింది. అదే ఏడాది మరో విచిత్రం బయటపడింది. ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మేలు చేస్తుందని బ్రిటన్‌లో జరిగిన పరీక్షలు చూపాయి. అనగా, వ్యాధి మొదటి దశలో వైరస్, తరువాతి దశలో అదుపు తప్పిన నిరోధక వ్యవస్థ హాని చేస్తాయి. నిరోధకశక్తి తక్కువైనా ముప్పే, మితిమీరినా ముప్పే.

టీకాలు

టీకా పనిచేయాలంటే నిరోధక వ్యవస్థ దానికి స్పందించాలి. గ్రహీతలలో ఆ స్పందన బలహీనంగా ఉంటుంది. 2021లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోవిడ్ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకా పొందిన గ్రహీతలను పరీక్షించారు. మొదటి మోతాదు తరువాత 17 శాతం మందిలోనూ, రెండవ మోతాదు తరువాత 54 శాతం మందిలోనూ మాత్రమే ప్రతిరక్షకాలు కనిపించాయి. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 101 మందికి మూడవ మోతాదు ఇవ్వగా ప్రతిరక్షకాలున్నవారు 40 శాతం నుండి 68 శాతానికి పెరిగారు. దీనిని బట్టి, గ్రహీతలకు అదనపు మోతాదులు ఇవ్వడం పరిపాటి అయింది. మైకోఫినోలేట్ వాడేవారిలో స్పందన మరింత తక్కువ.

స్పందన తక్కువ కనుక టీకా వ్యర్థమని భావించరాదు. పాక్షికమైన రక్షణ కూడా వ్యాధి తీవ్రతను తగ్గించగలదు. ప్రధాన నియమాలు ఇవి:

* సాధ్యమైనన్ని టీకాలను మార్పిడికి ముందే పూర్తిచేయడం ఉత్తమం. అప్పుడు నిరోధక వ్యవస్థ మెరుగుగా స్పందిస్తుంది.
* ఫ్లూ టీకాను ప్రతి సంవత్సరం వేయించుకోవాలి. మార్పిడి జరిగిన ఒక నెల తరువాత నుండి దీనిని ఇవ్వవచ్చును.
* ఇంజెక్షన్ రూపంలోని నిర్జీవ ఫ్లూ టీకానే వాడాలి. ముక్కులో పిచికారీ చేసే సజీవ ఫ్లూ టీకా గ్రహీతలకు పనికిరాదు.
* తట్టు, ఆటలమ్మ వంటి సజీవ టీకాలు అవసరమైతే మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే ఇవ్వాలి.
* న్యుమోకాకస్ టీకా, ఫ్లూ తరువాత వచ్చే బాక్టీరియా న్యుమోనియా నుండి రక్షణనిస్తుంది.
* ఆర్‌ఎస్‌వీకి తొలి టీకాలు 2023లో అమెరికాలో వృద్ధుల కోసం అనుమతి పొందాయి.
* ఇంట్లో ఉన్నవారందరూ టీకాలు వేయించుకోవాలి. గ్రహీత చుట్టూ ఉన్నవారికి వ్యాధి రాకపోతే గ్రహీతకు చేరే దారి మూసుకుపోతుంది.

ఫ్లూ టీకా వేయించుకుంటే అవయవ తిరస్కరణ వస్తుందనే భయం కొందరిలో ఉన్నది. అధ్యయనాలు దీనిని బలపరచలేదు. నిజానికి ఫ్లూ వ్యాధి వలన అవయవానికి కలిగే ముప్పే ఎక్కువ.

టీకాకు స్పందించనివారికి సిద్ధంగా తయారైన ప్రతిరక్షకాలను ఇచ్చే ప్రయత్నం కూడా జరిగింది. కోవిడ్ కోసం 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన టిక్సాగెవిమాబ్-సిల్గావిమాబ్ జంటమందు, వైరస్ రూపం మార్చుకోవడంతో పనిచేయక, 2023 జనవరిలో అక్కడ వాడుక నుండి తొలగింది.

నిత్యజీవితంలో జాగ్రత్తలు

* బయట నుండి రాగానే, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
* రద్దీగా ఉండే బస్సులు, తిరునాళ్ళు, పెళ్ళి పందిళ్ళు, ఆసుపత్రి వరండాలలో మాస్కు ధరించాలి. తొలి మూడు నెలలలో ఇటువంటి చోట్లకు వెళ్ళకపోవడం మంచిది.
* ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉంటే వారు వేరే గదిలో పడుకోవాలి. కిటికీలు తెరచి ఉంచాలి.
* పరామర్శకు వచ్చేవారికి జలుబు ఉంటే, మొహమాటపడకుండా మరొక రోజు రమ్మని చెప్పాలి.
* పొగ త్రాగరాదు. కట్టెల పొయ్యి పొగకు, అగరుబత్తుల పొగకు దూరంగా ఉండాలి.
* ద్రాక్షపండు జాతికి చెందకపోయినా ఆంగ్లంలో ఆ పేరుతో పిలిచే గ్రేప్‌ఫ్రూట్, దాని దగ్గరి చుట్టమైన పంపర పనస టాక్రోలిమస్ మోతాదును పెంచగలవు. వీటిని మానాలి.
* ఆకు పసర్లు, పేరు తెలియని పొడులు జలుబుకు వాడేముందు వైద్యుని అడగాలి.
* జ్వరం ఉన్నా, లేకున్నా కొత్తగా దగ్గు, ఆయాసం మొదలైతే అదే రోజు మార్పిడి కేంద్రానికి ఫోను చేయాలి. వేరే వైద్యుని వద్దకు వెళ్ళవలసి వస్తే తాము వాడే మందుల చీటీని తప్పక చూపించాలి.

ఈ జాగ్రత్తలను చూసి గ్రహీత గదికే పరిమితం కావాలని అనుకోరాదు. తొలి నెలలు గడిచిన తరువాత చాలామంది ఉద్యోగాలకు, చదువులకు తిరిగి వెళ్తారు. మనుమలతో గడుపుతారు. జీవించడానికే కదా అవయవ మార్పిడి!

భారతదేశంలో

మన దేశంలో సజీవ దాత నుండి తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. 1994లో వచ్చిన మానవ అవయవాల మార్పిడి చట్టం జీవన్మృతి స్థితిని చట్టబద్ధంగా గుర్తించింది. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దేశంలోని తొలి విజయవంతమైన గుండె మార్పిడిని చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమండ్రిలో జన్మించిన తెలుగువాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్మృతుల అవయవదానం కోసం 2013లో జీవన్‌దాన్ పథకం మొదలైంది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలలోనూ అది కొనసాగుతున్నది. 2023లో దేశంలో 18,000కు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. వీటిలో అధికభాగం సజీవ దాతల నుండి జరిగినవే.

మన దేశంలో ఫ్లూ కాలం పాశ్చాత్య దేశాల వలె చలికాలానికే పరిమితం కాదు. వర్షాకాలంలో ఒకసారి, చలికాలంలో మరొకసారి వ్యాధి పెరుగుతూ ఉంటుంది. కనుక టీకాను ఎప్పుడు వేయించుకోవాలో స్థానిక వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. సాధారణంగా వర్షాలు మొదలుకాక ముందు వేయించుకోవడం మేలని చెబుతారు. గ్రహీతల సంఖ్య పెరుగుతున్న కొద్దీ, మార్పిడి కేంద్రానికి దూరంగా పల్లెలలో, చిన్న పట్టణాలలో నివసించేవారు కూడా పెరుగుతున్నారు. వారికి జలుబు చేసినపుడు మొదట చూసేది స్థానిక వైద్యుడే. అందువలన ఈ విషయపు ప్రాథమిక అవగాహన పెద్దాసుపత్రుల నిపుణులకే కాక, అందరికీ అవసరం.

గమనిక: ఈ వ్యాసం సాధారణ అవగాహన కొరకు మాత్రమే. చికిత్స విషయంలో వైద్యుని సలహాయే శిరోధార్యం.

ఇవి కూడా చూడండి

* అవయవ దానం
* ఇన్‌ఫ్లుయెంజా
* ఊపిరితిత్తులు
* కోవిడ్-19
* టీకా
* మూత్రపిండము
* రోగనిరోధక వ్యవస్థ